చెరువు కట్ట మీద మీ నాయన

జిగణి,
కార్తీకం వెళ్ళిపోతున్న వేళ

చిరంజీవి ఆశకు,

అమ్మ మనసారా దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ నాయన, గేటు పక్కన నువ్వు నాటిపోయిన కరివేపాకు చెట్టు, అందరం క్షేమం. అక్కడ హిమాలయాల్లో, ఆ చలికొండ మీద నువ్వూ, నీ బడి పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ జాబు అందింది. దారిలో ఎక్కడో తడిసినట్టుంది, చివరి పేజీలో సిరా పాకిపోయింది. అయినా కూడబలుక్కొని చదివాను. హాస్టలు పిల్లలు రాత్రిళ్ళు నీ చుట్టూ చేరి కథలు చెప్పమని సతాయిస్తున్నారని రాశావే, అది చదివి నవ్వుకున్నాను. నేను కథ చెబితే సగంలోనే నిద్రపోయేదానివి, మిగతా సగం వాళ్ళకి ఎక్కడి నుంచి తెచ్చి చెబుతున్నావో! స్వెట్టరు భుజాల దగ్గర వదులైందా? నాకు అల్లుతున్నప్పుడే అనుమానం వచ్చింది. వదులైతే లోపల ఇంకొకటి వేసుకో, విప్పి పారేయొద్దు. మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు సణుగుతుంది. డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తూనే ఉన్నాను, నువ్వు నమ్మవు గాని.

మన వీధి మళ్ళీ తవ్వారు. ఈసారి నీళ్ళ పైపుల కోసమట. పక్కింటి పిల్లమ్మ కోడలికి నెలలు నిండాయి, ఏ పూట ఆటో పిలవాలో అని ఆ గుంతలు చూసి భయపడుతోంది. చలి మొదలైంది. నీ చలి ముందు మాదేపాటిది అంటావులే, అయినా తెల్లవారి తలుపు తీస్తే మంచు, ఫ్యాక్టరీల పొగ కలిసిపోయి వీధి చివర కనపడడం లేదు.

ఇంక నీ జాబులో అసలు ప్రశ్న. "నాయనకు నామీద కోపం పోలేదా అమ్మా? నేనింత దూరం వచ్చి ఉద్యోగం చేసేది ఇష్టం లేకనే మాట్లాడడం మానేశాడా? ఫోను ఇస్తే ‘బాగుండావా, బువ్వ తింటివా, ఇదో మీ అమ్మకిస్తా’ అంటాడు. అంతకు మించి ఒక్క మాట లేదు" అని రాశావు. సిరా పాకింది అక్కడే. వాన వల్లో, నీ వల్లో నాకు తెలియలేదు.

ఇదే ప్రశ్న పోయిన నెలలో అడిగుంటే "ఆయన తీరే అంత" అని ఒక్క వాక్యం రాసి వదిలేసేదాన్ని. ఇప్పుడలా రాయలేను. మొన్నొక ఆదివారం జరిగింది చెబుతాను. టీ పెట్టుకొని కూర్చొని నిదానంగా చదువు.

మీ నాయన రిటైరయినాక ఈ ఇల్లు ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు. నువ్వున్న రోజుల్లో ఆయన పొద్దున్నే ఫ్యాక్టరీలో ఇనుప రేకులు వొత్తే ప్రెస్ షాపుకు పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. వచ్చి అలసిపోయి పడుకునేవాడు. ఆ పనిలో ఎవరైనా అంతే అనుకునేదాన్ని. ఇప్పుడు పొద్దంతా ఇంట్లోనే. మనుషులం ఇద్దరం, మాట మాత్రం ఒక్కరిదే, అది నాది. వంటింట్లో నుంచి ఏదో అడుగుతాను, జవాబు ఉండదు. బట్టలు మడతపెడుతూ నీ సంగతి చెబుతాను, చెప్పడం పూర్తి కాకముందే లేచి బయటికి వెళ్ళిపోతాడు. అదే ఆయన స్నేహితుడు బసవరాజు గేటు అవతల నిలబడి "అశ్వత్థప్పా" అంటే చాలు, చెప్పులు వేసుకొని బయలుదేరతాడు. స్నేహితుడి గొంతు గేటు దాటి వినపడుతుంది, పెళ్ళాం గొంతు పక్కనుండి కూడా వినపడదు. ఇదేం చెవి, ఇదేం మనసు అనుకునేదాన్ని. అనుకొని అనుకొని, నేనూ మాట్లాడడం తగ్గించేశాను. చెప్పాలనిపించింది కుక్కరుకు చెప్పేదాన్ని. అది కనీసం విజిలైనా వేస్తుంది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆదివారం పొద్దున చెరువు కాడికి పోదామా? పిట్టలు చూపిస్తారంట."

"ఎవురు?"

"చెరువు కాపాడే పిల్లోళ్ళు ఉండారే, వాళ్ళు. బసవరాజు ఫోనులో పంపినాడు."

"అయితే బసవరాజుతో పో."

"వాడేల? నువ్వూ నేనూ పోదాం."

నా చేతిలో గరిటె అలాగే నిలిచిపోయింది. మీ నాయన నన్ను ఎక్కడికైనా పిలిచాడంటే అది పెళ్ళయినా కావాలి, చావైనా కావాలి. ఊరికే, చూసి రావడానికి పిలిచింది నాకు జ్ఞాపకం లేదు. ఎందుకు పిలుస్తున్నాడో అర్థం కాలేదు. అయినా సరే అన్నాను.

చెరువు నీకు తెలిసిందే, బన్నేరుఘట్ట అడవి వైపు పోయే దారిలో ఉంటుందే, అదే. మేము పోయేసరికి కట్ట మీద ఓ చిన్న గుంపు చేరి ఉంది. నడిపించేది దర్శన్ అని కోలారు పిల్లవాడు, బెళ్ళందూరులో ఏదో ఆఫీసులో పని, ఆదివారాలు ఇదీ పని. అక్కయమ్మ అని రిటైరయిన టీచరమ్మ ఒకావిడ, నాకన్నా పెద్దది, బూట్లు వేసుకొని వచ్చింది. కుందలహళ్ళి నుంచి కిరణ్ అనే అబ్బాయి, గుంటూరు వైపు వాడు, చేతిలో వడ్లు దంచే రోకలంత కెమెరా. ఇంకా కొందరు దంపతులు, పిల్లలు.

"గట్టిగా మాట్లాడొద్దు, సర్రున నడవొద్దు. పిట్ట కనిపిస్తే వేలు చూపించండి, అరవొద్దు" అని దర్శన్ చెప్పాడు. ఆ మాటలు చెబుతున్నంతసేపూ మీ నాయన వాడి మొహం నుంచి చూపు తిప్పలేదు. తలాడించాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేను ఈ మధ్య చూడలేదు.

నా ఎర్ర స్వెట్టరు చూసి అక్కయమ్మ నా చెవిలో, "నిన్ను చూసి పిట్టలు సిగ్నలనుకొని నిలిచిపోతాయిలే, మనకే మంచిది" అంది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వాను.

ఆశా, నేను ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఉన్నాను, ఆ చెరువులో అన్ని ప్రాణాలు ఉన్నాయని తెలియదు. మంచు తెరలు తెరలుగా లేస్తుంటే నీటికోళ్ళు నల్లగా, బుడుంగున మునిగి ఎక్కడో తేలేవి. దర్శన్ దుర్భిణి నా కళ్ళకు పెట్టి, ఎండిన కొమ్మ మీద లకుముకి పిట్టను చూపించాడు. ఆ నీలం! మన పెళ్ళిళ్ళలో పట్టుచీరలకు కూడా అంత నీలం చూడలేదు. అది తల వంచి నీళ్ళలోకి చూస్తుంటే నేను ఊపిరి బిగపట్టుకున్నాను. తోక పైకీ కిందికీ ఆడించుకుంటూ గట్టు మీద పరుగెత్తే పిట్టలున్నాయి చూడు, అవి ఎండాకాలం నీ కొండల వైపే ఉంటాయట. చలికి ఇటు దిగి వస్తాయట. నీ దగ్గర నుంచి వచ్చినవేమో అని వాటిని కొంచెం ఎక్కువసేపే చూశాను.

మీ నాయన చూపు సంగతి చెప్పాలి. ఆ గుంపులో అందరికన్నా ముందు ఆయనకే కనపడేవి. "అదో, ఆ రాయి వెనకాల" అని వేలు చూపితే, దర్శన్ దుర్భిణి పెట్టి వెతికి, "అవును అంకుల్! భలే పట్టేశారు!" అనేవాడు. ఆయన నావైపు తిరిగి చూసేవాడు, చూసినావా అన్నట్టు. చూశాను. కొత్తగా ఉంది నాకు.

కట్ట దిగి కానుగ చెట్ల కిందికి వచ్చాక దర్శన్ నిలబడ్డాడు.

"ఇప్పుడు చూసే పని లేదు. ఒక చిన్న పిట్ట, ఎండాకాలమంతా హిమాలయాల్లో ఉండి వచ్చింది. ఆకు రంగే దానిది, చూడాలంటే కనపడదు. వినాల్సిందే. అందరూ కండ్లు మూసుకోండి. అది పలికిన దిక్కుకు వేలు చూపించండి. నేను చెప్పేదాకా కండ్లు తెరవొద్దు."

నేను కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి వినిపించింది. సన్నగా, గాజుకు గాజు తగిలినట్టు రెండు ముక్కలు. కుడివైపు, కొంచెం పైన. వేలు చూపించాను. చూపించి, తప్పేమో అని అనుమానం వచ్చి, చిన్నప్పుడు పరీక్షలో పక్కదాని పలక చూసినట్టు, ఒక కన్ను కొంచెం తెరిచాను.

అందరి వేళ్ళూ కుడివైపు కొమ్మ మీదికే ఉన్నాయి. పిల్లల వేళ్ళు కూడా. మీ నాయన కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆయన చెట్టును చూడడం లేదు. మా చేతులను చూస్తున్నాడు, ఒక్కొక్క చేతినీ. చూసి, తన వేలు కూడా మెల్లగా అటే ఎత్తాడు. ఎత్తిన తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

"తెరవండి! అందరూ కరెక్ట్!" అన్నాడు దర్శన్. మీ నాయన అందరితో పాటు నవ్వాడు.

మొదట నాకు నవ్వొచ్చింది. ఈ వయసులో దొంగాట ఏమిటి అనుకున్నాను. తర్వాత, మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కొని ఉన్నాడు కదా, వినపడి ఉండదనుకొని, దగ్గరికి పోయి తీసేశాను. పిట్ట మళ్ళీ పలికింది. నాకు ఎంత బాగా వినిపించిందో! మీ నాయన మొహం చూశాను. నీళ్ళు లేని బావిలోకి చేద వేసినట్టుంది ఆ మొహం. ఏమీ చేరలేదు. ఏదో తేడా ఉందనిపించింది, కాని ఏమిటో ఇంకా పూర్తిగా అందలేదు నాకు.

అందింది తుంగ గడ్డి దగ్గర. అక్కడ బురద గట్టు మీద గొంతు కింద నీలం పూసుకున్న చిన్న పిట్ట ఒకటి బయటికి వచ్చింది. కిరణ్ దాని కోసం పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాడట, బురదలోనే బోర్లా పడుకొని కెమెరా పెట్టాడు. దర్శన్ వెనక నుంచి "అందరూ ఆగండి, ఆగండి" అని గుసగుసగా అన్నాడు. అందరం ఆగాం. మీ నాయన ముందున్నాడు, ఆగలేదు. చేతులు వెనక్కి కట్టుకొని, నీళ్ళ వైపు చూస్తూ, హాయిగా నడుచుకుంటూ పోయాడు. "అంకుల్, ఆగండి" అన్నారు ఎవరో. ఇంకో అడుగు వేశాడు. పిట్ట తుర్రుమంది.

కిరణ్ లేచాడు. చొక్కా అంతా బురద. "ఎన్నిసార్లు చెప్పాలండీ? ఇంతమంది ఆగమంటుంటే వినపడదా మీకు? చెవుడా?" అన్నాడు.

మీ నాయన వాడి వైపు తిరిగాడు. వాడు తల వంచి బురద దులుపుకుంటూ అంటున్నాడు, మూతి కనపడలేదు. మీ నాయన వాడికేసి చూసి, చిరునవ్వు నవ్వి, "అవునప్పా, శానా బాగుండాది" అన్నాడు.

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఎందుకో తెలియక ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు.

ఆశా, ఆ నిమిషంలో నాకు అంతా తెలిసిపోయింది. వంటింట్లో నుంచి అడిగిన ప్రతి మాటా, జవాబు రాని ప్రతి సాయంత్రమూ, అన్నీ ఒక్కసారి వచ్చి నా ముందు నిలబడ్డాయి. నేను గబగబా ముందుకు పోయి కిరణ్‌తో, "ఆయన్ని ఏమీ అనొద్దు నాయనా, నేనే ముందుకు పొమ్మని సైగ చేసినాను, తప్పు నాదే" అన్నాను. అబద్ధమే. ఆ పిల్లవాడు మెత్తబడి ఊరుకున్నాడు. అక్కడ నుంచి నేను మీ నాయన చేయి వదల్లేదు. ఆగాల్సిన చోట మెల్లగా నొక్కేదాన్ని, ఆయన ఆగేవాడు. నలుగురిలో చేయి పట్టుకుంటే విదిలించుకునే మనిషి, ఆ పొద్దు విదిలించుకోలేదు. ఎందుకు పట్టుకున్నావనీ అడగలేదు.

నడక అయిపోయాక అందరం రోడ్డు మీది చిన్న హోటలుకు పళ్ళెమంత ఉండే తట్టె ఇడ్లి, వడ తినడానికి పోయాం. మిగతావాళ్ళు బల్లల దగ్గర కూర్చుంటే, మేమిద్దరం బయట వేపచెట్టు కింది రాయి మీద కూర్చున్నాం. ఆయనకు ఎదురుగా కూర్చున్నాను, వెలుగు నా మొహం మీద పడేటట్టు.

"ఆ పిట్ట నీకు వినపడలేదు గదా?" అన్నాను.

"ఏ పిట్ట?"

"నువ్వు మా వేళ్ళు చూసి వేలు చూపిస్తివే, ఆ పిట్ట."

ఆయన ఇడ్లి తుంచడం ఆపాడు. ఇప్పుడు లేచి పోతాడనుకున్నాను. పోలేదు.

"కార్ఖానాలో ఉన్నప్పుడే మొదలాయె" అన్నాడు. "ముందు పిట్టలు పోయె. పొద్దున్నే మన ఇంటి ముందర అరుస్తా ఉండేవి గదా, నిలిచిపోయె. చెట్లన్నీ కొట్టేసి షెడ్లు కట్టినారు, పిట్టలు ఎట్లుంటాయి, యాడికో పోయింటాయిలే అనుకొంటి. ఈ పొద్దు అందురూ ఆ కొమ్మ దిక్కు వేలు చూపిస్తే తెలిసె. పిట్టలు పోలేదు, నా చెవులే పోయినాయి అని."

ఆయన ప్లేటు రాయి మీద పెట్టి మళ్ళీ చెప్పాడు.

"ఆ తర్వాత ఆశ గొంతు పోయె. ఫోనులో అది మాట్లాడితే గాలి తోలినట్లుంటాది. అవునంటే ఏమో, కాదంటే ఏమో. బాగలేదు నాయనా అని అది చెప్తా ఉంటే, నేను మంచిదమ్మా అంటానేమో అని భయం. అందుకే నీకిచ్చేస్తా."

ఇదమ్మా నీ ప్రశ్నకు జవాబు. కోపం కాదు. నీ మాటకు తప్పు జవాబు చెబుతానేమోనని భయం.

"నా గొంతు?" అని అడిగాను.

"ఎదురుగా ఉంటే తెలుస్తాది, మూతి చూస్తా. వంటింట్లో నుంచి అయితే ఏదో చెప్తా ఉండావని తెలుస్తాది, ఏం చెప్తా ఉండావో తెలీదు."

"ఇన్ని దినాలూ చెప్పకుండా ఎట్లుంటివి?"

"మా నాయన్ని నువ్వు చూడలేదు. ఊర్లో చెవిటి మునియప్ప అనేవాళ్ళు. పెండ్లికి పోతే ఒక మూల కూర్చోబెట్టి బువ్వ పెట్టేవాళ్ళు, మాట మాత్రం ఎవురూ మాట్లాడేవాళ్ళు కాదు. ఇంట్లో మా యమ్మ కూడా నిలిపేసె. చెవుడని చెప్తే నువ్వూ మాట్లాడేది నిలిపేస్తావనుకొంటి."

"నువ్వు జవాబు చెప్పకనే గదప్పా నేను నిలిపేసింది!" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, హోటలాయన తొంగిచూశాడు. "మరి వినపడనోడివి నన్ను పిట్టల కాడికి ఎందుకు పిలిస్తివి?"

"చూసేదే గదా అనుకొంటి" అన్నాడు మీ నాయన. "సినిమాకి పోతే మాటలు, చుట్టాలింటికి పోతే మాటలు. పిట్టలైతే చూసేది. మాట్లాడొద్దంటారు, అందురూ మూగోళ్ళే. ఆడైతే నేనూ నీ మాదిరే ఉండొచ్చనుకొంటి. పోయే ముందర నిన్ను ఒక్క దినమన్నా యాడికన్నా పిలుచుకొని పోవాలని ఉండె."

"ఎవురు పోయే ముందర?"

"నువ్వే. సూట్‌కేసు చూసినాను."

ఆశా, ఇది నీకు రాయకూడదనే అనుకున్నాను. ఇక్కడిదాకా వచ్చాక దాచడం బాగుండదు.

క్వార్టర్స్ పెద్దది ఇచ్చారు, వచ్చి ఒక నెల ఉండి పో అని నువ్వు రాసినప్పుడు, వస్తానని జవాబు రాశాను కదా. నేను ఒక నెల కోసం సర్దుకోలేదు. అటక మీది పెద్ద సూట్‌కేసు దించి, మంచం కింద పెట్టి, చలి బట్టలతో పాటు నా పట్టుచీరలు, మా అమ్మ ఇచ్చిన కుంకుమ భరిణె, నీ చిన్నప్పటి ఫోటోలు కూడా అందులో పెట్టుకున్నాను. నెల పోయాక ఇంకో నెల అనీ, మోకాలు బాగాలేదనీ, ఏదో చెప్పి నీ దగ్గరే ఉండిపోవాలని. మీ నాయన మీద ద్వేషం లేదమ్మా. ఆయన చెడ్డవాడని కాదు. ఉన్నా లేకపోయినా తెలియని ఇంట్లో ఎన్నాళ్ళుంటాను అనిపించింది. నీతో కూడా చెప్పలేదు. చెబితే నువ్వు నన్ను ఒప్పించడమో, ఆయనతో పోట్లాడడమో చేస్తావని. నీ ఇంటికి వస్తూ నీకే నిజం చెప్పకపోవడం నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కుంకుమ భరిణె సూట్‌కేసులోకి పోతే ఆ మనిషికి తెలియకుండా ఉంటుందా? వినపడకపోయినా కళ్ళున్నాయి కదా. రోజూ పూజ దగ్గర ఉండే వస్తువు కనపడలేదంట, వెతికాడంట. దొరికిన చోట అలాగే ఉంచి, మూత వేసి, మంచం కిందికి తోశాడంట.

"నన్ను ఆపాలని అనిపించలేదా?" అని అడిగాను.

"ఏమని ఆపేది? నువ్వేమంటావో నాకు వినపడదే" అన్నాడు.

నా ప్లేటులో వడ తీసి ఆయన ప్లేటులో పెట్టాను. ఆయన దాన్ని సగం చేసి, సగం నాకు తిరిగి ఇచ్చాడు. అంతే ఆ పూటకు మా మాటలు.

అప్పుడే కిరణ్ కాఫీ గ్లాసులు పట్టుకొని మా దగ్గరికి వచ్చాడు. "సారీ అంకుల్. ఇందాక నోరు జారాను" అన్నాడు, పాపం, తల వంచుకొని. నేను సర్దిచెప్పబోతుంటే మీ నాయన చేయి ఎత్తి నన్ను ఆపాడు. "తల ఎత్తి చెప్పప్పా. నాకు చెవులు సరిగా వినపడవు. నీ మూతి చూస్తేనే తెలిసేది" అన్నాడు. ఇంత గట్టిగా. లోపల బల్లల దగ్గర ఉన్నవాళ్ళందరికీ వినిపించేటట్టు. చెప్పి, ఏదో బరువు దించినట్టు కాఫీ అందుకున్నాడు. ఆ పిల్లవాడు మళ్ళీ చెప్పాడు, ఈసారి మొహంలోకి చూసి. పొద్దున తీసిన లకుముకి ఫోటోలు చూపిస్తూ మీ నాయన పక్కనే కూర్చుండిపోయాడు. అక్కయమ్మ వచ్చి నా భుజం మీద చేయి వేసింది.

ఆ వారమే చెవుల ఆసుపత్రికి పోయాం. ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏవో తగిలించి పరీక్ష చేశారు. పరీక్ష చేసిన అమ్మాయి కాగితం మీద గీత చూపించి చెప్పింది: పెద్ద యంత్రాల మోత మధ్య ఏళ్ళ తరబడి పనిచేస్తే సన్నటి శబ్దాలు ముందు పోతాయట. పిట్టలు, పిల్లల మాటలు, ఆడవాళ్ళ గొంతులు. లావు గొంతులు ఉండిపోతాయట. బసవరాజుది ఎంత లావు గొంతో నీకు తెలుసు కదా! నేను ఆ గదిలోనే కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. ఇన్నేళ్ళు పాపం ఆ బసవరాజును ఎన్ని తిట్టుకున్నానో.

చెవులకు మిషను పెట్టి, కొన్నాళ్ళు అలవాటు చేసుకోమన్నారు. అంతా ముందటిలా రాదు, మెదడు మళ్ళీ నేర్చుకోవాలని చెప్పారు. ఆసుపత్రి మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాం. ఆటోలు, బస్సులు, హారన్లు, పక్కన ఎవరో ఇనుప రేకు కోస్తున్నారు. మీ నాయన రెండు చెవులూ మూసుకొని నిలబడిపోయి, "ఇంత గలాటాలోనా నువ్వు బతుకుతా ఉండేది?" అన్నాడు. నన్ను చూసి జాలిపడ్డాడమ్మా మీ నాయన! ఆటోలో ఇంటికి వచ్చేదాకా నవ్వు ఆపుకోలేకపోయాను.

సూట్‌కేసులో నుంచి భరిణె, చీరలు తీసేశాను. సూట్‌కేసు మాత్రం మళ్ళీ అటక ఎక్కించలేదు. నీకు సెలవులు ఇచ్చేసరికి ఇద్దరం వస్తాం. ఒక నెలకే, నిజంగా ఒక నెలకే. ఈసారి ఫోను చేసినప్పుడు ఆయనకే ఇస్తాను. నువ్వు తొందరపడొద్దు, ఒక్కో మాట నిదానంగా చెప్పు. వీడియో అయితే ఇంకా మేలు, మొహం చూస్తాడు. తప్పు జవాబు చెబితే నవ్వు, పరవాలేదు, ఆయన కూడా నవ్వుతాడు. కాని నవ్వి, మళ్ళీ చెప్పు. ‘ఏమీ లేదులే’ అని మాత్రం వదిలేయొద్దు. ఆ మాట నేను చాలాసార్లు అన్నాను.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. నిన్న సాయంత్రం అవరె చిక్కుడుకాయలు తెచ్చాడు, ఈ ఏడు మొదటివి. ఇద్దరం వరండాలో కూర్చొని గింజలు వొలుస్తున్నాం. ఆ గింజల తోలు పితికి తీసి పితికిపప్పు పులుసు పల్చగా చెయ్యమన్నాడు, వాళ్ళమ్మ చేసినట్టు. నేను తల వంచుకొని, అలవాటు కొద్దీ, నాలో నేను, "ఆయమ్మ చేసింది పులుసా, చెయ్యి కడుక్కున్న నీళ్ళా" అని గొణుక్కున్నాను. ఇలాంటివి ఎన్నో గొణుక్కున్నాను ఈ ఇంట్లో, ఎవరికీ నష్టం లేకుండా.

ఆయన చేతిలో కాయ కింద పెట్టాడు.

"మా యమ్మని ఏమంటివి?"

"నేనేమంటిని?"

"అంటివి. వింటిని. చెయ్యి కడుక్కున్న నీళ్ళంటివి!"

ఇంక చూడు. మీ అవ్వ పులుసు నుంచి మా అమ్మ పులుసుకు, అక్కడ నుంచి మా పెళ్ళిలో భోజనాలకు, ఎవరి బంధువులు ముందు కూర్చున్నారు, ఎవరికి లడ్డు అందలేదు అన్నదాకా పోయింది. నేనొకటంటే ఆయన రెండన్నాడు. నేను లేచి నిలబడ్డాను, ఆయనా లేచాడు. ఒళ్ళో గింజలు వరండా అంతా దొర్లాయి. మా గొంతులు వీధి గుంతలు దాటి పోయినట్టున్నాయి, పిల్లమ్మ పరుగున వచ్చి కాంపౌండు మీద నుంచి తల పెట్టింది.

"ఏమక్కా, ఏమాయె? ఏం గలాటా ఇది? మీ ఇంట్లో ఎప్పుడూ వినలేదే!"

నేను ఊపిరి తిప్పుకొని, కొంగుతో మొహం తుడుచుకొని చెప్పాను.

"ఏమీ కాలేదు పిల్లమ్మా. మాట్లాడుకుంటా ఉండాం."

ఇట్లు,
నీ జాబు కోసం ఈసారి మీ నాయనతో కలిసి గేటు దగ్గర ఎదురుచూసే,
మీ అమ్మ